మెసేజి కింద ఆయన పేరు

మోప్కా పెదనాన్న కిందటి నెల పోయారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయారట. మాకు చుట్టమేమీ కాదు. ఈ హిందీ ఊరి రైల్వే కాలనీలో మా గోడ అవతలి క్వార్టర్. రైళ్ల రాకపోకలు చూసే కంట్రోల్ రూంలో పనిచేసి రిటైరయ్యాక ఊరి శివార్లలోని మోప్కాలో ఇల్లు కట్టుకున్నారు.

మా గొడవ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. రైలింజన్ల షెడ్డులో అప్రెంటిస్ పూర్తిచేసిన కుర్రాళ్లకు ఉద్యోగాలివ్వకుండా, ఆ పనులు కాంట్రాక్టుకు అప్పజెప్పాలన్నది సర్కారు కొత్త విధానం. మా తమ్ముడు ఆ కుర్రాళ్లలో ఒకడు. మేమంతా సైబర్ కేఫ్‌లో కూర్చుని అధికారులకూ పత్రికలకూ మెయిళ్లు కొట్టేవాళ్లం, ఎస్సెమ్మెస్‌లు గుప్పించేవాళ్లం. పేర్లు మాత్రం పెట్టేవాళ్లం కాదు. పేరు బయటపడితే వచ్చే ఉద్యోగమూ రాదని భయం.

ఒకసారి ధర్నాలో ఉండగా అందరి ఫోన్లూ మోగాయి. పోలీసులు మా తమ్ముణ్ని చావగొట్టారు, అందరూ పట్టాల మీదికి రండి అని మెసేజి. బండి ఆపడానికి పరుగు తీసిన కుర్రాళ్లకు, ధర్నాలో మాతో కూర్చున్న పెదనాన్న అడ్డంగా నిలబడ్డారు.

“ఎవుడు సూసినాడ్రా?”

“మెసేజ్ ఆయా హై, అంకుల్!”

“అచ్ఛా, పంపినోడి పేరేటి? పేరు నేని కబురుకి నా సర్వీసులో ఒక్క బండి ఆపనేదు. మీరాపుతారేటి?”

అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేయించారు. వాడు చకర్‌భాటాలో, హైకోర్టు దగ్గర, వకీలు కోసం ఎదురుచూస్తూ సమోసా తింటున్నాడు! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ రోజు పట్టాలెక్కి ఉంటే కేసులు పడేవి, ఉద్యోగాల ఆశ అక్కడితో సరి.

ఇకనుంచి ప్రతి మెసేజి కిందా తన పేరూ నంబరూ పెట్టమన్నారు పెదనాన్న. “నిజమో కాదో నన్నడగమను. నాను రిటైరైపోనాను, నా ఉద్యోగం ఎవుడు పీకుతాడు?” పింఛనుకు ఇబ్బందేమోనంటే వినలేదు. కుర్రాళ్లు ఫోన్ చేసేవారు, విలేకరులు చేసేవారు, పోలీస్ థానా నుంచి కూడా చేసేవారు. మోప్కా ఇంట్లో ఫోను కింద మోగినా, సిగ్నల్ సరిగా లేక మాట మేడ మీదే వినబడేది. తింటున్న అన్నం వదిలి, చెయ్యి కడుక్కుని మెట్లెక్కేవారు. తెలిసింది చెప్పేవారు, తెలియకపోతే “తెల్దు, కనుక్కుని సెప్తాను” అనేవారు. ఆ మాట అంత ధైర్యంగా అనే పెద్దమనిషిని నేను మరొకర్ని చూడలేదు.

పెద్దమ్మకు మాత్రం ఒళ్లు మండేది. “ఏటే గుంటా, మీ ధర్నా నా కొంప మీదకొచ్చింది. ఆ ఫోను నూతిలో పడేస్తాను సూడు” అని నన్ను తిట్టిపోసేది.

విధానం ఇంకా మారలేదు. ఒకసారి చర్చలకు పిలిచారు, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. మేమూ వదల్లేదు. పెదకర్మ అయ్యాక మొదటి ధర్నాకు మెసేజి వెళ్లింది, అలవాటు కొద్దీ పెదనాన్న పేరుతోనే. ఇకమీదట నా పేరు పెడతానని పెద్దమ్మకు చెబుదామని మోప్కా వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా పెదనాన్న ఫోను మోగింది. పెద్దమ్మ అది పట్టుకుని, మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టూ ఎక్కింది. మేడ మీంచి నన్ను కేకేసింది.

“ఒలే, రేపు ఎన్నింటికే?”

“పదింటికి, పెద్దమ్మా.”

పిట్టగోడ పట్టుకుని నిలబడి, ఫోను చెవికి ఆనించుకుంది.

“ఆయన నేరు బాబూ. నాను ఆయన ఇంటిదాన్ని. నిజవే, రేపు పదింటికి. నానూ వస్తన్నాను.”