గిన్నెడు జున్ను

పుంగనూరు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరై పదేళ్లయినా, రెడ్డెప్ప చొక్కా జేబులో ఇప్పటికీ చిన్న టార్చిలైటు ఉంటుంది. ఒకప్పుడు చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద చుట్టిన మోకాళ్లు ఇప్పుడు వంగనంటాయి. అయినా పిలిచినవాళ్లింట్లో గోడ పట్టుకుని మెల్లగా నేలమీదే కూర్చుంటాడు. కుక్కపిల్లను ఒళ్లోకి తీసుకుని చిగుళ్లు చూస్తాడు. మెడమీది తోలు లాగి వదిలి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసి ఒంట్లో నీళ్లెంత తగ్గాయో అంచనా వేస్తాడు.

మొన్న వసుధ ఇంట్లో కుక్కపిల్ల పొద్దుటినుంచి ఆరుసార్లు వాంతి చేసుకుని, విరేచనాలతో వాలిపోయింది. "ఏం తినిందో తెల్దు పెద్దనాయనా, మేమేమీ పెట్టలా" అంది వసుధ. "నువ్వు పోయి నీళ్లు కాంచుకోని రామ్మా" అని ఆమెను పంపేసి, తలుపు వెనక నక్కిన ఆమె కూతురు చరితను పిలిచాడు.

"నీయంత ఉన్నప్పుడు మా కుక్కపిల్లకి పండక్కి చేసిన తీపి ఓళిగలు దొంగగా పెట్టినా పాపా. నువ్వేం పెట్టినావు?"

చరిత ఏడ్చేసింది. "జున్ను తాతా. గిన్నెడు. అమ్మకి చెప్పొద్దు."

"చెప్పన్లే. అరగలేదంతే. ఈ పూట తిండి పెట్టాకండి. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పోయండి. సాయంత్రానికి లేయకపోతే డాక్టరు దగ్గరికి ఎత్తుకపోదాం."

సాయంత్రం అది లేచి తోక ఊపింది.

"మీ కుక్కపిల్ల గూడా బతికిందా తాతా?"

"బతికింది" అన్నాడు రెడ్డెప్ప.

నిజానికి చిన్నప్పుడు నాయన కొడతాడని అతను ఓళిగల మాట ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి ఆ కుక్కపిల్ల చనిపోయింది. ఆ రోజు అతన్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగినవాళ్లు లేరు.