బడికి నాయన పెట్టిన పరీక్ష

మొన్న మా కోడలు మనవరాలిని ఏ బడిలో వేయాలా అని ఫోను ముందు పెట్టుకుని, ఒక్కో బడికి ఎవరెవరో ఇచ్చిన చుక్కలు లెక్కపెడుతూ, నాలుగు చుక్కలకూ నాలుగున్నర చుక్కలకూ మధ్య అన్నం మానేసి కూర్చుంటే నాకు మా నాయన గుర్తొచ్చాడు.

పంతొమ్మిది వందల యాభైల్లో మాది బద్వేలు దగ్గరి పల్లె. ఊళ్లో అయిదో తరగతితో చదువు సరి, ఆపైన కావాలంటే బద్వేలుకే పోవాలి. అక్కడ రెండు బడులున్నాయని నాయన విన్నాడు, ఒకటి పెంకులది, ఒకటి రేకులది. ఏది మంచిదో చెప్పేవాళ్లు లేరు. అక్షరం రాని మా నాయనకు తెలిసిన పరీక్ష ఎద్దుల సంతది: అమ్మేవాడి మాట వినకుండా, ఎద్దును విప్పించి, పళ్లు చూసి, నడిపించి చూడటం. బడికీ అంతే అన్నాడు. అయ్యవార్లను అడిగితే వాళ్ల బడిని వాళ్లు మెచ్చుకోక ఏం చేస్తారు, బడి వదిలే వేళకు వాకిట్లో నిలబడి, బయటికొచ్చే పిల్లల చేత ఏదైనా చదివించి చూడాలట. పళ్లు కూడా చూస్తాననలేదు, అది ఆ పిల్లల అదృష్టం.

అంతవరకు నాకూ నవ్వులాటగానే ఉండింది. చదివించడానికి నాయన అంగీ జేబులో ఏం పెట్టుకున్నాడో చూశాక నవ్వు ఆగిపోయింది. ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసే మా అన్న రాసిన ఉత్తరం అది. ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పది రోజుల కిందట దాన్ని నేనే రెండుసార్లు చదివి వినిపించాను. వినిపించానంటే, పాపకు, అంటే నాకు, ఇక చదువు చాలు, తనకు పుట్టబోయే బిడ్డను ఆడించడానికి ఆదోనికి పంపండని అన్న రాస్తే, పాపను పెద్ద బడిలో చేర్పించవలెనని చదివాను. ఆ ఊపులో పట్టు పావడ కూడా కుట్టించవలెనని చేర్చాను. పావడ కొంచెం ఎక్కువైందని తర్వాత అనిపించింది. నాయనకు ఆ మాటలు నోటికి వచ్చేశాయి, ఎవరు ఎక్కడ తప్పినా తనకు తెలిసిపోతుందనే దాన్ని ఎంచుకున్నాడు.

బస్సులో దారి పొడుగునా, గాలి వచ్చి ఆ కాగితాన్ని ఎత్తుకుపోవాలని మొక్కాను. రెండు బడుల్లోనూ మొద్దులే ఉండాలని మొక్కాను. మొద్దులైతే నన్ను చేర్పించడు, కాకపోతే నా బండారం బయటపడుతుంది. ఎటు తిరిగినా నాకు ఆదోనిలో ఉయ్యాల ఊపడమే కనబడుతోంది.

పెంకుల బడి ముందర మీసాలు మొలుస్తున్న పిల్లాడొకడు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది గొలుసుకట్టు రాత పెద్దాయనా, అచ్చక్షరాలైతే చదువుతా" అన్నాడు.

"మా పాప చదివిందే, మూరెడుండాది!" అన్నాడు నాయన గర్వంగా. నేను సిగ్గుతో తల వంచి నా చెప్పుల వైపు చూసుకున్నాను. నాకు చెప్పులు లేవని అప్పుడు గుర్తొచ్చింది.

రేకుల బడి ముందర రెండు జడల పిల్ల ఒకతె తడుముకోకుండా చదివేసింది: "పాపకు అయిదుతో చదువు చాలును. మీ కోడలికి నెలలు దగ్గరపడినవి. బిడ్డను చూసుకొనుటకు పాపను పంపవలెను."

నాయన మళ్లీ చదవమన్నాడు. ఆ పాపిష్టిది మళ్లీ అదే చదివింది.

"ఏమ్మే, నువ్వు చదివిందేంది, ఈ పాప చదువుతాండేదేంది?"

"అన్న రాసింది ఆమె చదివింది నాయనా. అన్న రాయాల్సింది నేను చదివినా."

నాయన నవ్వలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. హెడ్మాస్టరు చేత నాలుగు తగిలించి, అటు నుంచి అటే ఆదోని బస్సెక్కిస్తాడనుకున్నాను.

"సామీ, మీ బడిలో ఉండేది ఉండేట్టు చదువుతాండారు. మా పాపకు శానా తక్కువయింది అదే. చేర్చుకోండి" అన్నాడు నాయన.

ఆదోనికి అమ్మ పోయింది.

ఇప్పుడు బడి వదిలే వేళకు గేటు ముందర అందరూ బండ్ల మీద కూర్చుని ఎవరి పిల్లను వాళ్లు వెతుక్కుంటారు. పక్కవాళ్ల పిల్లను ఆపి ఇది చదువు తల్లీ అంటే వాచ్‌మన్ పరుగెత్తుకొస్తాడు, రావడమూ న్యాయమే. కానీ అక్షరం రాని ఒక మనిషి, ఎవరి బిడ్డో తెలియని ఒక పిల్ల ముందర వంగి, చెవి ఒగ్గి, కన్నకూతురు తనను మోసం చేసిన సంగతి ఆ పిల్ల నోటనే విని, లోపలికి పోయే ముందు ఆ పిల్ల తల నిమిరి "బాగా చదివినావమ్మా" అన్నాడు చూడండి, అట్లా నిలబడి వినేవాళ్లు ఈ రోజుల్లో నాకు ఏ బడి ముందరా కనబడటం లేదు.