కన్నాలు మూసిన గోడ

గోడ కట్టడం చాలామందికి వచ్చు. కట్టిన గోడ గురించి అంత గొప్పగా చెప్పుకోవడం మాత్రం మీసాల మేస్త్రీకే చెల్లింది. ఎక్కడ నలుగురు కూర్చున్నా సరే, టీ గ్లాసు పక్కన పెట్టి, మీసం ఓసారి సవరించి మొదలెట్టేవాడు. "నలభై ఏళ్ళండీ! నా చేతి గోడ ఒక్కటి, ఒకే ఒక్కటి ఒరిగిందని చూపించండి, ఈ మీసం అక్కడికక్కడే తీసేస్తాను." వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. మనిషి హాస్యగాడు, పనిమంతుడు, కోపం ఎరగనివాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఎవరైనా పొగిడితే చాలు, మునగచెట్టెక్కి కూర్చునేవాడు. ఇక ఆ పొగిడినవాళ్ళ మాట కాదనడం ఆయన వల్ల అయ్యేది కాదు.

ఒక బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. పాత ఇల్లు కొనుక్కున్న కొత్త జంట, పెరడు బాగుచేయించాలట. వెళ్ళి చూస్తే ఇల్లు తెలిసినదే. ఇరవై ఒక్క ఏళ్ళ కింద ఆ పెరటి వెనక గోడ కట్టింది తనే.

ఇల్లాలు బడిలో బొమ్మలు నేర్పే టీచరు. గళ్ళ కాగితం మీద పెరడంతా రంగు పెన్సిళ్ళతో గీసి పెట్టుకుంది. వంటింటి మెట్ల దగ్గర్నుంచి వెనక గోడ దాకా రాతి పలకలు. గోడ వారన పొడుగాటి బల్ల, పైన తీగెల పందిరి. ఆ నీడలోనే ఐదేళ్ళ కూతురు ఆడుకోవడానికి ఇసక గుంట. భర్తకి మందుల దుకాణం ఉంది, అరగంటకోసారి గడియారం చూసుకునే మనిషి.

"ఈ గోడ మీరే కట్టారటగా బాబాయ్! ఇల్లు అమ్మినాయన చెప్పాడు. అందుకే ఇంకెవర్నీ అడగలేదు. ఆ గోడ అండ చూసుకునే కదా ఈ ప్లానంతా వేశాను" అంది ఆ అమ్మాయి.

మేస్త్రీ ఉబ్బిపోయాడు. చిరునవ్వుతో నడుచుకుంటూ వెళ్ళి, చిన్నప్పటి స్నేహితుణ్ణి తట్టినట్టు గోడని తట్టాడు. చెయ్యి చల్లగా తగిలింది. మళ్ళీ తట్టాడు. రాతిగోడ పలకాల్సిన పలుకు కాదది, మొద్దుగా, నిండు కుండని కొట్టినట్టు ఉంది. నవ్వు ముఖం మీద అలాగే ఉంచి, గోడ పొడుగునా చూపు పోనిచ్చాడు.

పలకల కొలత కోసమని చెప్పి సంచిలోంచి దారం తీశాడు. గోడ రెండు చివర్లా గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా దారం లాగి కట్టాడు. గోడ తిన్నగా ఉంటే మధ్యలో కూడా దారానికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలి. మూడే దూరాయి. గోడ ఒక వేలంత ముందుకి ఉబ్బింది.

అది మామూలు ప్రహరీ కాదు. వెనక నేల మిట్టగా ఉంటుంది, ఏడడుగుల మట్టిని ఈ గోడే ఆపి నిలబెట్టాలి. అలాంటి గోడకి కింద వరసలో నాలుగడుగులకొక కన్నం వదలాలి. మట్టి తాగిన నీళ్ళు ఆ కన్నాల్లోంచి బయటికి పోతాయి, లేకపోతే మట్టి బరువుకి నీటి బరువు తోడై గోడని తోస్తుంది. నిన్నగాక మొన్న తాపీ పట్టినవాడికి కూడా తెలిసిన సంగతి. మేస్త్రీ కూడా వదిలాడు. అప్పటి ఇంటాయన వచ్చి, తెల్లటి గోడ మీద ముక్కు కారినట్టు చారలు పడతాయని మూతి ముడిచి, "నీ చేతి గోడకి కూడా కన్నాలెందుకయ్యా? పనిరానివాళ్ళకి గానీ" అన్నాడు. ఆ మాటకి మేస్త్రీ పొంగిపోయి, సిమెంటు మాలు కలిపి, కన్నాలన్నీ తన చేత్తోనే మూసేశాడు. అన్నీ! పాత ఇంటాయన గోడ వెనక మట్టిలో ఒక్క మొక్క పెట్టలేదు, వాన నీళ్ళు గట్టి నేల మీంచి జారిపోయేవి, కాబట్టి ఇన్నాళ్ళూ గడిచిపోయింది. ఇప్పుడీ అమ్మాయి గోడ పైనున్న మిట్టంతా వరసగా మొక్కలు నాటి, సన్న గొట్టం వేసి పొద్దునా సాయంత్రం నీళ్ళు పెడుతోంది. నీళ్ళు రావడానికి లోటు లేదు, పోవడానికే దారి లేదు.

"ఎలా ఉంది బాబాయ్ మీ గోడ?" వెనకనుంచి అడిగింది.

"గోడకేమమ్మా! బ్రహ్మాండం" అనేశాడు.

చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడు వంటింటి మెట్ల వైపునుంచి పని మొదలెట్టాడు. గోడ దాకా రావడానికి వారం పడుతుంది కదా, ఈలోగా ఏదో ఒక వీలు దొరక్కపోదు. కానీ ఆ ఇంట్లో వీలు దొరకనివ్వకుండా మర్యాదలు చేసేవాళ్ళు. టీ ఇచ్చినప్పుడల్లా ఆ అమ్మాయి, "మీరున్నారు కాబట్టి నాకు బెంగ లేదు బాబాయ్" అనేది. ఆ మాట విన్నాక నోరు పెగలాలంటే ఎలా పెగులుతుంది?

పని కోసం తెప్పించిన ఇసక గోడ పక్కనే పోయించారు. దాంతో పిల్లకి పండగే. బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి, ఎర్ర బకెట్టు పట్టుకుని గోడ మొదట్లో కూలబడేది. "మేస్త్రీ తాతా, ఇది నా కోట. ఇది నా వంటిల్లు. నువ్వు లోపలికి రాకూడదు, నీ కాళ్ళకి మట్టి" అని హుకుం జారీ చేసేది. మేస్త్రీ పలకలు పరుస్తూ ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను గోడ మీద పెట్టేవాడు.

"పాపని కాస్త ఇటు ఎండలో కూర్చోబెట్టమ్మా, ఎముకలకి మంచిది" అన్నాడు ఒకరోజు.

"దానికి ఎండ పడదు బాబాయ్, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. అందుకేగా నీడలో పెట్టింది" అంది తల్లి.

రోజూ అందరూ ఇంట్లోకి వెళ్ళాక దారం కట్టి చూసుకునేవాడు. ఆదివారానికి మూడు వేళ్ళు ఇరుగ్గా దూరాయి. మంగళవారానికి రెండే దూరాయి. గురువారం సాయంత్రం పిల్ల గెంతుకుంటూ వచ్చి ఆయన చొక్కా పట్టుకు లాగింది.

"తాతా, తాతా! నేను బావి తవ్వాను. నీళ్ళు పడ్డాయి!"

వెళ్ళి చూశాడు. గోడ మొదట్లో చేటంత గుంట. అడుగున ఎర్రటి నీరు, ఆయన చూస్తుండగానే మెల్లగా పైకి ఊరుతోంది. తల్లి మెట్ల మీదనుంచి చప్పట్లు కొట్టింది. మేస్త్రీ తాపీ అక్కడే పడేశాడు. పిల్లని ఎత్తుకుని మెట్ల దగ్గర దించి, "ఇవాళ్టికి బావి చాలు తల్లీ" అన్నాడు. తల్లి ముఖంలోకి చూశాడు, నోరు తెరిచాడు కూడా. "పలకలు ఎంత తిన్నగా పడ్డాయో బాబాయ్! అందరికీ ఫొటోలు పంపించాను" అందామె. తెరిచిన నోరు మూసుకుని, సంచి భుజాన వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

తర్వాత చేయాల్సింది గోడ మొదట్లో జానెడు లోతు తవ్వి, పలకలకి చదును చేయడం. తవ్వితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. గోడ పాదాన్ని ముందు నుంచి ఆపుతున్న మట్టి అదొక్కటే. శుక్రవారం నడుం పట్టేసిందని ఫోన్ చేశాడు. శనివారమూ అదే పాట.

శనివారం మధ్యాహ్నం భార్య ఆయన కంచం ముందు కూర్చుంది. "పది రోజులుగా చూస్తున్నాను. అన్నం తినడం లేదు, కెలుకుతున్నావు. నడుం నొప్పి అంటావు, అటకెక్కి సామాను దించుతావు. ఏమైంది నీకు?"

ఆయన కంచం పక్కకి తోశాడు. చివరికి అంతా చెప్పాడు.

ఆవిడ అరవలేదు. అదే ఆయనకి ఎక్కువ భయం వేసింది. "ఇంకా ఇక్కడ కూర్చున్నావేంటి?" అంది.

"ఎలా చెప్పనే? ఊరంతా చెప్పుకున్నాను కదా, నా గోడలు..."

"నీ మీసం తీసేస్తే మళ్ళీ మొలుస్తుంది. ఆ పిల్ల మొలుస్తుందా?"

వెంటనే ఫోన్ చేశాడు. ఎవరూ తీయలేదు. సరే, రేపు పొద్దున్నే వెళ్ళి ముఖం మీదే చెప్తాననుకున్నాడు. అలా అనుకోగానే ప్రాణం తేలికపడి, ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా. ఏమనాలి అలాంటి మనిషిని?

ఆదివారం వెళ్ళేసరికి గేటు ముందు నాలుగు కార్లున్నాయి. పెరట్లో చుట్టాలు. పలకలు పూర్తి కాకపోయినా కొత్త బల్ల ముందే వచ్చేసిందట, సరదాగా అందరినీ భోజనానికి పిలిచారు. గోడ వారన బల్ల, దాని చుట్టూ కుర్చీలు. ఆయన చూపు నేరుగా కిందికి పోయింది. గోడ పొడుగునా మోకాలి లోతు కందకం తవ్వి ఉంది. బల్ల కాళ్ళు ఆ కందకం గట్టు మీదే ఆనించారు.

"మీకు నడుం బాగోలేదని నిన్న నేనే తవ్వేశాను బాబాయ్. ఫోన్ కూడా వినబడలేదు, ఆ పనిలో పడి" అన్నాడు ఇంటాయన, చేతుల మీది బొబ్బలు గర్వంగా చూపిస్తూ. "మీరు జానెడన్నారు గానీ, గట్టిగా ఉంటుందని ఇంకాస్త లోతుకే తవ్వాను."

ఇంటాయన తల్లి, పెద్దావిడ, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కందకం ఒడ్డున, చెయ్యి చాపితే గోడ తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఈ రోజు దారం కట్టనక్కర్లేదు. గోడ పొట్ట కంటికే కనబడుతోంది.

"ఇదిగో, ఈ గోడ కట్టిన మా మేస్త్రీగారు ఈయనే!" అని ఆ అమ్మాయి అందరికీ చెప్పింది.

"లేవండి" అన్నాడు మేస్త్రీ. "అందరూ లేచి ఇంట్లోకి పదండి. ఈ గోడ పడిపోతుంది. కన్నాలు నేనే మూసేశాను. తప్పు నాదే."

అందరూ ఘొల్లున నవ్వారు. "చెప్పాను కదా, బాబాయ్ మహా హాస్యగాడని!" అంది ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. ఎవరో, "ముందు మీసం తీయించండి!" అని అరిచారు.

ఇక మాటలతో పనికాదని తెలిసిపోయింది. గబగబా వెళ్ళి పెద్దావిడ ఒళ్ళోంచి పిల్లని లాక్కున్నాడు. పిల్ల కెవ్వుమంది. పెద్దావిడ కంగారుగా లేచింది. "ఏంటిది? మతి పోయిందా మీకు?" అంటూ ఇంటాయన మీదికొచ్చాడు. పిల్లని ఆయన చేతుల్లో పడేసి, పక్కనున్న గునపం అందుకుని, తను మూసిన కన్నం మీద శక్తికొద్దీ పొడిచాడు. రెండో పోటుకి బిరడా ఊడింది. బురద నీళ్ళు చేతి లావున చిమ్మి, బల్ల కాళ్ళని కొట్టి గిన్నెల్ని దొర్లించేశాయి. అప్పుడు కదిలారు జనం. మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ ఇంట్లోకి పరుగెత్తారు. మేస్త్రీ అందరికన్నా వెనక వెళ్ళాడు. ఆయన పై మెట్టు ఎక్కేసరికి గోడ లోపల ఎముక విరిగినట్టు చప్పుడైంది. గోడ నడుం దగ్గర విరిగి, వెనకున్న మట్టీ మొక్కలూ అన్నిటితో కలిసి బల్ల మీద పడింది. దుమ్ము అణిగాక చూస్తే ఒక్క కుర్చీ కూడా కనబడలేదు.

తర్వాత ఇంటాయన వచ్చి మేస్త్రీని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాడు. "మీరు సమయానికి రాకపోతే మా గతేంటి బాబాయ్! దేవుడిలా వచ్చారు" అన్నాడు. చుట్టాలు ఒక్కొక్కరూ వచ్చి చేతులు పట్టుకుంటున్నారు. ఆ పొగడ్తల మధ్య మేస్త్రీ తల ఎత్తలేకపోయాడు.

పెద్దావిడ మాత్రం కదలకుండా ఆయన్నే చూస్తోంది. "నీకెప్పుడు తెలిసింది నాయనా?" అని అడిగింది.

ఇప్పుడే, ఇవాళ పొద్దున్నే అంటే సరిపోయేది. ఎవరూ మారు ప్రశ్న వేసేవాళ్ళు కాదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"పదకొండు రోజులైందమ్మా" అన్నాడు.

ఇంటాయన చేతులు ఆయన భుజాల మీదనుంచి జారిపోయాయి. ఆ అమ్మాయి మట్టి గుట్టని చూసింది, మెల్లగా మేస్త్రీ వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ నోటినిండా మీరు అని పిలిచిన అమ్మాయి ఆమె.

"రోజూ సాయంత్రం నా కూతురు ఆ గోడ కింద కూర్చుని ఆడుకుంటుంటే, నువ్వు చూస్తూ పలకలు పరిచావా?"

మేస్త్రీ అవునని తలూపాడు. ఆమె కూతుర్ని ఎత్తుకుని లోపలికెళ్ళి గది తలుపు గడియ పెట్టుకుంది.