కోటో నామం ఏ గడిలో పడింది

పెళ్లయి మద్రాసులోని చూలైకి వచ్చేనాటికి నా దగ్గరున్న ఆస్తల్లా లెక్కల డిగ్రీ. డెబ్బైల్లో ఆ ఇంట్లో దానితో ఎవరికీ పని లేదు. అందుకే అత్తగారు రామకోటి రాస్తుంటే నా చూపు ఆ పుస్తకం గళ్ల మీదే ఉండేది. అడ్డం తొమ్మిది, నిలువు పన్నెండు. పేజీకి నూట ఎనిమిది గళ్లు, గడికొక రామనామం.

ఆమెకు రెండు కళ్లలోనూ పొర కమ్మింది. ఆపరేషన్ ఆలస్యమైతే చూపు దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. వింటేగా! "కోటి ముగించి వస్తా. ఇంక ఆరు వేల పేజీలు కూడా లేవు" అంది. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్న మనిషి. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం ఊరికే ఓ కుతూహలం పుట్టింది. కోటో నామం ఏ గడిలో పడుతుంది? పేజీ చివరి గడిలో మాత్రం పడదు. కోటిలో అంకెలన్నీ కూడితే వచ్చేది ఒకటే. అంటే తొమ్మిదితో శేషం లేకుండా పోదు. తొమ్మిదికే లొంగనిది నూట ఎనిమిదికేం లొంగుతుంది? అంత పెద్ద సంఖ్య, కడుపులో చూస్తే ఏడు రెండ్లు, ఏడు అయిదుల గుణకారం, అంతే! కూర్చుని భాగించాను. తొంభై రెండు వేల అయిదు వందల తొంభై రెండు పేజీలు నిండి, ఆ తర్వాతి పేజీలో అరవై నాలుగో గడి.

ఆమె అప్పటికే తొంభై నాలుగు వేల పేజీలు దాటింది.

నిండిన పుస్తకాలు దాచిన పెట్టె తీసి, ఆ పేజీ వెతికి పట్టుకుని పరిగెత్తాను. "అత్తమ్మా, మీ కోటి ఎప్పుడో అయిపోయింది! ఇదిగో, ఈ గడిలో!"

"ఏమ్మే, అరవమాక. పేజీకి నూరే కణక్కు, నూరే లెక్క. ఎనిమిది తప్పులకి వదిలేసేది. జపమాల తిప్పేటోళ్లంతా అంతే గదా. ఇది కూడా చెప్పలేదా నీ కాలేజీలో?"

"ఏవీ తప్పులు? ఈడ ఒక్కటి చూపించండి."

ఆమె నా చేతిలోని పుస్తకం మూసేసింది. "చేతి తప్పు కాదుమ్మే. పెద్దోడు పోయిన ఏడాదంతా ఆ రాముణ్ణి తిడతానే రాసినా. ఒక్క గడి భక్తితో నింపలా. ఆ పేజీలన్నీ కొట్టేస్తే నీ కోటి ఏడుంది?"

ఆ పెద్ద కొడుకు నేను కాపురానికి రాకముందే పోయాడు. రోజుకు పది పేజీల చొప్పున ఏడాదికి దాదాపు నాలుగు లక్షల నామాలు. నాకు మిగులు తేలింది లక్షన్నరే. లెక్కలో ఆమే నెగ్గింది. నా డిగ్రీ మీద నాకే అసహ్యం వేసింది.

"తిట్టినా పిలిచింది ఆయన్నే కదా అత్తమ్మా" అన్నాను. "ఆ ఏడాది తిట్టుకోడానికి మీకు ఇంకెవరున్నారు?"

ఆమె తలెత్తి, నా ముఖం సరిగా కనబడక, చెయ్యి చాచి నా చెంప తడిమింది.

"అయితే, వాడు పోయిన ఏడాది కూడా కోటిలో చేరుతుందామ్మే?"

"చేరుతుంది అత్తమ్మా."

చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక పెన్నుకు మూత పెట్టి, "సెరి, రేపు ఆస్పత్రికి పోదాం" అంది.