బల్బు వెలిగిందా

మా షెడ్డుకు పాత కార్లు మెరుపు కోసం వస్తాయి. అద్దాల చుట్టూ ఉండే అల్యూమినియం పట్టీలు ఊడదీసి పాలిష్‌కి మాకిస్తారు. వాటి మీద అనోడైజింగ్ పూత ఉంటుంది. కంటికి ఆనదు గానీ రాయిలా గట్టిది. అది పోకుండా పాలిష్ చేసే బఫ్ చక్రానికి పెడితే పట్టీ మెరవదు, మచ్చలు పడుతుంది. అందుకని ముందు కాస్టిక్ సోడా తొట్టిలో ముంచాలి. కాసేపు ఎక్కువ వదిలామా, సోడా పూతతో ఆగదు, పట్టీని కూడా తినేస్తుంది. దానికి మొహమాటం లేదు.

పూత పోయిందో లేదో తేల్చడానికి మేస్త్రి దగ్గర ఒక బ్యాటరీ, బల్బు, రెండు తీగలు ఉండేవి. కడిగిన పట్టీకి తీగలు ఆనిస్తే, పూత మిగిలినచోట కరెంటు పారదు. పోయినచోట బల్బు వెలుగుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నాకు వచ్చిన సైన్సంతా అదే.

మేస్త్రిని బాబాయ్ అనేవాణ్ణి. ఆ ఏడాది ఆయన తీగల కోసం తడుముకోవడం, తొట్టికి మోకాలు కొట్టుకోవడం చూసి నా నోరు ఊరుకోలేదు.

"యానాం వెళ్ళి మందేసొచ్చావా బాబాయ్? పట్టీ ఇక్కడుంటే అక్కడ వెతుకుతావేంటి?"

"కొంచెమేరా," అనేవాడు. షెడ్డంతా నవ్వేది. ఆదివారం చర్చి మానని మనిషి, చుక్క ముట్టగా మేమెవరం చూడలేదు. అయినా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం పట్టీ కడిగిచ్చాను. తీగలు ఆనించాడు. ఆయన ముఖానికి జానెడు దూరంలో బల్బు వెలుగుతోంది.

"వెలిగిందా?" అన్నాడు.

బల్బునీ ఆయన కళ్ళనీ మార్చి మార్చి చూశాను. "వెలిగింది బాబాయ్."

నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైపోయింది. గొంతు తగ్గించాడు. "ఒక కన్ను ఎప్పుడో సోడా పడి పోయింది. ఇప్పుడు రెండోది. ఓనరు గారికి చెప్పకురా. తాగొస్తున్నాననే అనుకోనీ. తాగేవాణ్ణి ఎవరూ పనిలోంచి తీసెయ్యరు."

మర్నాడు బల్బు తీసేసి పాత స్కూటరు హారను తగిలించాను. అది మోగగానే ఓనరు గారు వచ్చి ఇదేంటన్నారు.

"మేస్త్రి గారికి మత్తు దిగాలి కదండీ."

ఆయన పడీపడీ నవ్వారు. బాబాయ్ ఇంకా గట్టిగా నవ్వాడు.

కానీ మెరుపుకు చప్పుడుండదు. ఒకరోజు నేను గేటు దగ్గర సామాను దింపుతుంటే, పాలిష్ అయ్యాయని బాబాయ్ పక్కన పెట్టిన పట్టీల్లోంచి ఓనరు గారు ఒకటి తీశారు. అది ఇంకా చక్రమెక్కలేదు, సోడాలోంచి వచ్చిన బూడిద రంగులోనే ఉంది. బాబాయ్ ముఖం ముందు పెట్టారు.

"ఇదెలా వచ్చింది మేస్త్రి గారూ?"

"అద్దంలా వచ్చిందండి."

ఓనరు గారు నవ్వబోయి ఆగారు. పట్టీని కళ్ళముందు అటూ ఇటూ ఆడించారు. బాబాయ్ రెప్ప కదల్లేదు. ఏదో ఒక జోకు వేసి కాపాడదామని పరిగెత్తాను. దగ్గరికెళ్ళేసరికి ఓనరు గారు పట్టీని కింద పెట్టేశారు.

"ఇంక ఇంటికెళ్ళండి మేస్త్రి గారూ," అన్నారు ఓనరు గారు, మెల్లగానే. "రేపట్నుంచి రావద్దు."

బాబాయ్ చెయ్యి పట్టుకుని కోరుకొండ బస్సు దాకా తీసుకెళ్ళాను. బస్సెక్కబోతే మెట్టు అందక ఆయన కాలు జారింది.

"పట్టపగలే వేసేశారా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

"అవునండి, కొంచెం," అన్నాడు బాబాయ్, కండక్టరు లేనివైపు తిరిగి.