ఇంజిన్‌లో విఘ్నేశ్వరుడు

సాక్షాత్తూ దేవుణ్ణి లోపల పెట్టి నట్లు బిగించిన ఘనత ఈ సికింద్రాబాద్ మొత్తమ్మీద నా ఒక్కడికే దక్కుతుంది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మా అత్తగారి ముందు నవ్వితే ఊరుకోరు.

పెళ్ళయిన కొత్త. మా మామగారికి తాబేలు వీపులాంటి పాత కారొకటి ఉంది. ఇంజిన్ వెనకాల ఉంటుంది. దానికి నీళ్ళూ రేడియేటరూ ఉండవు, గాలితోనే చల్లబడుతుంది. శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు కొనుక్కున్న ఆ కారు ఆయనకు కూతురితో సమానం. ఆయన కూతుర్నే చేసుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, కారే ఒక మెట్టు పైన. అలాంటిది పొగలు కక్కడం మొదలుపెట్టింది. ఇంజిన్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాలన్నారు. మెకానిక్ దేనికి, నేను లేనా అన్నాను. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. వీడియోలు చాలా చూశాను. నా అర్హతలు అంతటితో సమాప్తం.

మామగారు ఆ తాబేలు వీపును ఒకసారి నిమిరారు. "బాబూ, ఈ ఇంజిన్ పోతే మరోటి దొరకదు. అది గుర్తెట్టుకుని చెయ్యండి" అన్నారు.

కార్ఖానా పేటలో ఉన్న మా ఇంటి పోర్టికోలోనే విప్పి పరిచాను. తిరిగి బిగించే ఆదివారం అత్తగారు బోయిగూడ నుంచి పొద్దున్నే దిగారు. పసుపు ముద్దతో గణపతిని చేసి, పనంతా అయ్యాకే ఉద్వాసన చెబుతానన్నారు. ఆయన్ని కూర్చోబెట్టడానికి శుభ్రమైన చోటు అడిగితే, బల్ల మీద తళతళలాడుతున్న పలచటి రేకు చక్రాలు చూసి, వాటిమీద తమలపాకు పరిచి, ఇదిగో పీట అన్నాను. ఆ చక్రాల్ని మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

ఇప్పుడు కాస్త శాస్త్రం. పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ పైమూతకీ మధ్య వేలిగోరు మందమంత సందుండాలి. లేకపోతే పిస్టన్ వెళ్ళి మూతకు తల బాదుకుంటుంది. ఆ సందు కొలవాలంటే పిస్టన్ మీద బంకమట్టి పెట్టి, మూత బిగించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి, నలిగిన మట్టి మందం చూడాలి.

మట్టి కొనడం మరిచాను. రాణిగంజ్‌లో నాకు తెలిసిన కొట్టు ఆదివారం తెరవరు. దిక్కులు చూస్తే తమలపాకు మీద మెత్తటి పసుపు ముద్ద కనిపించింది. పూజ పొద్దున్నే అయిపోయింది కదా, ఇప్పుడది ఉత్త పసుపే అనుకున్నాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మా ఇంట్లో వినాయకుడు చక్కగానే కుదిరాడు, కోతిని నేను.

ముద్ద పెట్టాను, మూత బిగించాను, తిప్పాను. సాఫీగా తిరిగింది. తిరిగిందంటే సందు ఉన్నట్టే, ఇంకా విప్పి కొలవడం దేనికని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పక్కింటి యాదగిరి సాయం పడితే ఇంజిన్‌ని కారులోకి ఎక్కించేశాను కూడా.

సాయంత్రం మామగారు స్టీరింగ్ ముందు కూర్చుని తాళంచెవి పెట్టారు. అంతలో అత్తగారు హారతి పళ్ళెంతో వచ్చి ఆపారు. ముందు ఉద్వాసన చెప్పాలట. చూస్తే ఆకు ఉంది, గణపతి లేడు.

"వినాయకుడేరి బాబూ?"

"ఉన్నారండీ."

"ఉంటే ఎక్కడున్నారేటి?"

"ఇంజిన్‌లో."

మా ఆవిడ లలిత చున్నీ నోట్లో కుక్కుకుంది. యాదగిరి నా చెవి దగ్గరికి వంగి, "ఏందన్నా, దేవుణ్ణి లోపలేసి బిగించినవా?" అన్నాడు. కొలుద్దామనే పెట్టానని, కొలవలేదని, అయినా స్టార్ట్ చేస్తే ఆ కాస్త పసుపూ కాలిపోతుందని నచ్చజెప్పబోయాను.

"కాలిపోతారేటి?" అన్నారు అత్తగారు.

మామగారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. ఇంజిన్ మళ్ళీ కిందికి దిగింది.

మూత తీసి చూశాను. ముద్ద లేదు. పిస్టన్ నుదుటికి పసుపు పూసినట్టుంది, మధ్యలో అదీ చెరిగి లోహం మెరుస్తోంది. అంటే సందు లేనే లేదు, చేత్తో మెల్లగా తిప్పాను కాబట్టి రాసుకుంటూ తిరిగింది. తాళం తిప్పి ఉంటే ఆ ఇంజిన్‌తోపాటు మామగారి దగ్గర నా పరువూ ముక్కలయ్యేది. ఎక్కడ తప్పానో మాత్రం అర్థం కాలేదు. అత్తగారు ఆ పసుపునంతా ఓపిగ్గా గీకి తీసి, దాన్ని చుట్టడానికి తమలపాకు ఎత్తారు. కింద నా రేకు చక్రాలు. సిలిండర్ల అడుగున వేయాల్సినవి అవే. సందు రావాల్సింది వాటి మందం వల్లే.

మామగారు ఒక చక్రం ఎత్తి చూసి, "ఈసారి పూజ ఇంజిన్‌కి కాదు, అల్లుడికి చెయ్యండి" అన్నారు అత్తగారితో. ఆ మాటతో అత్తగారు తప్ప అందరూ నవ్వారు. 

తర్వాత చక్రాలు వేసి, మట్టి కొని, కొలిచి మరీ బిగించాను. కారు బోయిగూడ దాకా వెళ్ళిందని, పొగ లేదని మామగారు ఫోన్ చేస్తే పోర్టికో మెట్ల మీద కూలబడి, ఉన్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: మట్టి లేనిదే సందు జోలికి పోను, తమలపాకు కింద వెతకనిదే మూత బిగించను. అత్తగారికి మాత్రం ఈ ప్రతిజ్ఞ మీద నమ్మకం లేదు. ఈ రోజుకీ మా ఇంట్లో పూజ చేస్తే, ఉద్వాసన చెప్పేదాకా నన్ను ఆ గది గడప తొక్కనివ్వరు.