దొరగారు పడ్డప్పుడు నేను నవ్వాను

మా చిన్నప్పుడు... వరి నూర్చే కళ్ళంలో తాటాకు చాపలు పరుచుకుని ఊరంతా కూర్చున్నాం. ఎదురుగా పొట్టి కోటు, నల్లటోపీతో ఒక ఫ్రెంచి దొర. చేతిలో ఖాళీ గిన్నె. దాన్ని నిండు పాయసం గిన్నెలా పట్టుకుని, ఎక్కడ ఒలికిపోతుందోనని వణికిపోతూ నాలుగడుగులు వేసి... దబ్బున బోర్లా పడ్డారు.

నాకు నవ్వాగలేదు. పగలబడి నవ్వాను.

ఊరు మాత్రం లేచి పరుగెత్తింది.

"అయ్యయ్యో, దొరగారు పడిపోయేరండీ! పట్టుకోండర్రా!"

"మోకాలు చూపించండి బాబూ, పసుపు రాస్తాం."

దొరతో యానాం నుంచి వచ్చిన వంటాయన సత్తిరాజు గారు చేతులు అడ్డం పెట్టారు. "ఇది ఆటేనండి! ఆయన కావాలనే పడ్డారండి!"

"కావాలని ఎవరైనా పడతారేంటండీ? మొహమాటానికి అలా అంటున్నారు గానీ..." అంటూ మా నాన్న దొరని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆట అక్కడితో సరి.

అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "పెద్దాయన పడితే పళ్ళికిలిస్తావేంటే? అందులోనూ మన ఊరొచ్చిన మనిషి!"

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజులవి. ఈయన వాళ్ళ దేశంలో పేరున్న హాస్యనటుడట. ఆటలు తనే అల్లి, తనే ఆడి, అందరిచేతా ఆడించి, మూగ సినిమాలు కూడా తీశారట. మాటల సినిమాలు వచ్చాక ఆయన పడడాలు, లేవడాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చిన్న నాటకం కంపెనీతో ఓడెక్కి యానాం వచ్చారు. కంపెనీ వెనక్కి వెళ్ళిపోయింది, ఆయన మిగిలిపోయారు. గోదావరి దాటి, కొత్తపేట దగ్గర మా ఊరొచ్చి, మా తోటలో కొబ్బరికాయలు పోసే పాకలో దిగారు. ఇదంతా సత్తిరాజు గారు చెప్పిందే. దొరకి మన మాట రాదు, మాకు ఆయన మాట రాదు. సాయంత్రాలు పాక ముందు ఒక్కరే కూర్చుని, శుభ్రంగా ఉన్న టోపీనే దులుపుకుంటూ ఉండేవారు...

రెండో ఆటకి ముందు సత్తిరాజు గారు ఇంటింటికీ తిరిగి బతిమాలారు. "ఆయన పడితే లేపకండి బాబూ. నవ్వండి, చాలు. నవ్వు వినబడక ఆయనకి అన్నం సయించట్లేదండి."

"ఆయ్, అలాగేనండి. దానికేం భాగ్యం!" అన్నారందరూ.

అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. దొర ఇంకా కళ్ళంలో అడుగు పెట్టకముందే ఊరంతా కూడబలుక్కున్నట్టు నవ్వింది. టోపీ తీసినా నవ్వారు. ఊరికే నిలబడినా నవ్వారు. ఆయన పడ్డారు... అంతే మర్యాదగా నవ్వారు. దొర మెల్లగా లేచి జనంలోకి చూశారు. ఎవరికోసమో వెతికారు. అప్పుడు నా నోటి మీద అమ్మ చెయ్యి ఉంది.

తర్వాత ఎక్కువ రోజులు ఉండలేదాయన. వెళ్ళేనాడు రేవుకి అందరం వెళ్ళాం. పడవకి వేసిన బల్ల మీద కాలు పెట్టి, మావైపు తిరిగి చేతులు జోడించి, ఆ జోడించిన చేతులతోనే బురదలో వెల్లకిలా పడ్డారు. మళ్ళీ అందరూ పరుగు... అమ్మ కూడా. ఇక నా నోరు మూసేవాళ్ళెవరు? రేవు దద్దరిల్లేలా నవ్వాను.

అన్ని చేతుల మధ్య నుంచి ఆయన మొహం పైకి లేచింది. బురద కారుతున్న మొహంతో నన్ను చూసి, టోపీ తీసి, నడుం వంచారు. నా ఒక్కదానికే. పడవ వెళ్ళిపోయింది.

మొన్న ఫోనులో మన ఊరి గ్రూపులో ఎవడో రాశాడట... ఆ పిచ్చిదొర ఆటకి ఒక్కరూ నవ్వలేదు, చేతకాని నటుడు అని. నాకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపించింది. ఇదీ దానిచేతే రాయిస్తున్నాను. ఒరే నాయనా, అప్పటికి నువ్వు పుట్టావా? ఆయనకి నవ్వించడం చేతకాక కాదు, మనవాళ్ళకి నవ్వడానికి మనసొప్పక. నేను నవ్వాను. ఎవరడిగినా చెబుతాను, నేనే సాక్షిని.

ఇప్పుడు ఫోనులో ఎవడు పడినా నవ్వుతున్నారు, అయ్యో అని లేచేవాడు ఒక్కడూ లేడు. సరే, కాలం... ఆ కళ్ళంలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ పడడం ఎలా ఉండేదో చెప్పుకుందామంటే నాకు తోడు లేదు. యానాంలోనో, ఇంకే ఊళ్ళోనో, ఆయన్ని చూసి నిజంగా నవ్వినవాళ్ళు ఎవరైనా బతికుంటే... కింద ఒక్క మాట రాయండి. ఇద్దరం అవుతాం.